మా గ్రౌండ్‌లో గరిక

మా ఇంట్లో గరిక అంటే తిట్టు. పాలకుర్తి దగ్గర మా ఊళ్లో మాకున్నది పత్తి చేను. అందులో గరిక పోచ కనపడిందంటే మా బాపు ముఖం మాడిపోయేది. ఎవరైనా వదలకుండా వెంటపడితే, గరిక పట్టినట్టు పట్టిండని విసుక్కునేవాడు. ఆ మాట నన్నూ చాలాసార్లు అన్నాడు. తప్పేం లేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, పట్టిన పట్టు విడవడం చేతకాదు. గరిక అంటే అంత పడని మనిషికి కూతురినై ఉండి, నేను భూపాలపల్లిలో అరెకరం గ్రౌండ్ నిండా గరిక నాటించాను. ఆ సంగతి బాపుకు చెప్పకుండా దాచాను. దాచినందుకు ఏమైందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో ఆటల టీచర్ని. పీఈటీ మేడం అంటారు. మా పిల్లలకు ఖోఖో అంటే ప్రాణం, అన్నం గంట కొట్టినా కదలరు. కానీ మా గ్రౌండ్ మొత్తం ఎర్ర మొరం. ఖోఖోలో వంగాలి, దూకాలి, స్తంభం దగ్గర గిర్రున తిరగాలి. మొరం మీద అలా పడితే మోకాలి తోలు నేలకే అంటుకుపోతుంది. నా అల్మారాలో ఆట సామాను కంటే దూది, పట్టీలు ఎక్కువ ఉండేవి.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి స్తంభం దగ్గర జారి పడింది. మోకాలికి కుట్లు పడ్డాయి. వాళ్లమ్మ కూలి పని వదులుకుని వచ్చి ప్రిన్సిపాల్ మేడం గదిలో కూర్చుని ఏడ్చింది. మా ప్రిన్సిపాల్ చెడ్డమనిషి కాదు, కాకపోతే భయస్తురాలు. మర్నాడే నన్ను పిలిచి, గ్రౌండ్ అంతా సిమెంటు బిళ్లలు పరిపించేద్దాం అన్నారు. ప్రార్థనకూ డ్రిల్లుకూ అవి చాలునట. పరుగుల ఆటలు మానేసి, వరండాలో క్యారమ్స్ ఆడించమన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గొంతు పెంచలేదు. బిళ్లలు వద్దు, గడ్డి పెంచుతానన్నాను. ఎన్నాళ్లలో పెంచుతావని అడిగారు. వచ్చే ఏడాది దసరా సెలవుల దాకా గడువిమ్మన్నాను. పిల్లలు సెలవులకు ఇళ్లకు పోయే రోజున గ్రౌండ్ నిండా గడ్డి కనపడాలి, కనపడకపోతే బిళ్లలు పడతాయి, మళ్లీ మాట్లాడేది లేదు అన్నారు. సరేనని బయటికొచ్చాను. వచ్చాక గానీ గడ్డి గురించి నాకు ఓనమాలు కూడా రావని గుర్తుకు రాలేదు.

ఎందుకంత పంతం అంటే దానికో కారణం ఉంది. నేను పదో తరగతిలో ఉండగా జనగామలో జరిగే పోటీలకు మా ఖోఖో జట్టు ఎంపికైంది. వారం ముందు పాలకుర్తి స్కూలు గ్రౌండ్‌లో పడ్డాను. కంకర రాయి మోకాల్లో దిగింది, చీము పట్టింది, దవాఖానలో పడుకోవాల్సి వచ్చింది. బాపు మంచం పక్కన నిలబడి ఒకే మాట అన్నాడు. "ఇగ ఆటలు బంద్." జట్టు నేను లేకుండానే జనగామకు పోయింది. తర్వాత నేను ఆటల టీచర్నయ్యాను గానీ, ఆటగత్తెను కాలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే మా పిల్లల ఆట బంద్ అనే మాట నా చెవిన పడితే నేను మనిషిని కాను.

మొదట మహబూబాబాద్‌లో ఒక నర్సరీకి వెళ్లాను. ఆయన మెక్సికన్ గడ్డి చూపించాడు. చాపలు చుట్టినట్టు చుట్టి ఉంది, విప్పి నేల మీద పరచుకోవడమే. పెద్ద పెద్ద బంగళాల ముందు ఇదే వేస్తారని చెప్పాడు. పక్కనే ఇంకో రకం ఉంది, బఫెలో గడ్డి. వేలెడు వెడల్పు ఆకులు, లావుపాటి తీగలు. నీడలో కూడా పచ్చగా ఉంటుందన్నాడు. రోజుకు నలభై మంది పిల్లలు పరుగెత్తితే ఏది తట్టుకుంటుందని అడిగాను. ఆయన నావైపు జాలిగా చూశాడు.

"లాన్ అంటే చూసుటానికి మేడం. ఉరుకుటానికి కాదు."

ఆ మాట నాకు నచ్చలేదు. రెండు రకాలూ కొద్దికొద్దిగా తీసుకున్నాను. వంటగది వెనుక వేపచెట్టు పక్కన మూడు మళ్లు కట్టించాను. ఒక్కో మడి పది అడుగుల పొడవు, సగం ఎండలో, సగం చెట్టు నీడలో. రెండు మళ్లలో నర్సరీ గడ్డి వేశాను. మూడో మడిలో ఏం వేయాలో తెలియక ఊరికే ఉంచాను.

మూడో మడికి జవాబు కేసముద్రంలో దొరికింది. మహబూబాబాద్‌లో పోటీలు ఆడి వస్తూ టీ తాగడానికి మార్కెట్ యార్డు దగ్గర ఆగాం. వడ్ల లారీలు, ట్రాక్టర్లు తిరిగే చోట, టైర్ల జాడల్లోనే గరిక ఉంది. లారీ వెనక్కి వచ్చి దాన్ని నలిపేసి పోయింది. నేను టీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి చూశాను. నలిగిన పోచ నలిగినట్టే ఉంది, దాని పక్క కణుపు నుంచి కొత్త ఆకు అప్పటికే వచ్చి ఉంది. లారీలను ఓర్చుకునేది మా పిల్లల్ని ఓర్చుకోదా అనిపించింది. నేనూ పిల్లలూ కలిసి రెండు సంచుల గరిక పీకి బస్సులో వేసుకున్నాం. డ్రైవర్ మేకలు పెంచుతున్నారా మేడం అని అడిగాడు.

మూడు మళ్ల మీదా రోజూ సాయంత్రం అందరినీ పరుగెత్తించాను. ఒకదాని మీద ఎన్నిసార్లు ఉరికితే మిగతా వాటి మీదా అన్నిసార్లే. పక్షపాతం వద్దనుకున్నాను.

మెక్సికన్ గడ్డి అందగత్తె. పరుపులా మెత్తగా, దట్టంగా ఉండేది. పిల్లలు దాని మీద ఉరకడం మానేసి పడుకునేవాళ్లు. కానీ దానికి నీళ్లు కావాలి, రోజూ కావాలి. మాది బొగ్గు ఊరు. గాలి తిరిగినప్పుడల్లా నల్లటి దుమ్ము వచ్చి ఆ దట్టమైన ఆకుల్లో ఇరుక్కునేది. కడగాలన్నా నీళ్లే. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏమిటంటే, కాళ్ల కింద అరిగిపోయిన చోట అది మళ్లీ అల్లుకోవడానికి నెలలు పట్టింది. మా పిల్లలకు అంత ఓపిక లేదు.

బఫెలో గడ్డి నీడ భాగంలో రాణిలా ఉంది. వేపచెట్టు కింద, మిగతా రెండూ పలచబడిన చోట కూడా, అది పచ్చగా నిండింది. ఎండ భాగంలో మాత్రం ఆకులు అడుగుల కింద చితికి గోధుమరంగుకు తిరిగాయి. పైగా దాని తీగలు నేల మీద ఉచ్చుల్లా లేచి ఉండేవి. ఒక పిల్ల కాలి బొటనవేలు తగులుకుని బోర్లా పడింది. ఆ రోజే దాన్ని గ్రౌండ్ లెక్కలోంచి తీసేశాను.

గరిక చలికాలంలో నా పరువు తీసింది. డిసెంబర్‌కల్లా వెలిసిపోయి ఎండుగడ్డిలా అయింది. ప్రిన్సిపాల్ మేడం చూసి, ఇది చచ్చిపోయిందిగా అన్నారు. నాకూ భయం వేసింది గానీ బయటపడలేదు. ఎండాకాలం వచ్చింది. బోరు అడుగంటింది. పిల్లల స్నానాల నీళ్లు కాలువ తీసి మూడు మళ్లకూ సమానంగా మళ్లించాను. సెలవుల్లో అవి కూడా లేవు. మెక్సికన్ సగం పసుపు పచ్చగా మారింది. బఫెలో ఎండ భాగం పూర్తిగా పోయింది. గరిక నేలకు అంటుకుని బూడిద రంగులో పడి ఉంది. జూన్‌లో మొదటి వాన పడిన వారానికి వెళ్లి చూస్తే, ఆ బూడిద మడి మొత్తం పచ్చబడింది. నేను ఒక్కదాన్నే వంటగది వెనుక నిలబడి చప్పట్లు కొట్టాను. వంటక్క కిటికీలోంచి చూసి నాకేదో అయిందనుకుంది.

దాని లోపాలూ చెప్పాలి. నీడంటే దానికి అస్సలు పడదు. తరచూ కత్తిరించకపోతే చిందరవందరగా పెరుగుతుంది. పూల మొక్కల్లోకి దొంగలా దూరుతుంది. అయినా తొక్కినకొద్దీ అల్లుకునేది అదొక్కటే. నేను గరికనే ఎంచుకున్నాను.

మొరం మీద చెరువు మట్టి పోయించడానికి ప్రిన్సిపాల్ మేడం ఒప్పుకున్నారు. జూలైలో ముసురు పట్టగానే గరిక నాటాం. ఒక్కో పిల్లకు ఒక్కో సాలు, జానెడు దూరంలో ఒక్కో పిలక. ఐదు వారాలకు ప్రతి పిలకా వేరు పట్టి, అటూ ఇటూ జానెడు తీగ సాగింది. అప్పుడైనా బాపుకు ఫోన్‌లో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పత్తి రైతు బిడ్డ గరిక నాటుతోందంటే నవ్వుతాడని సిగ్గుపడ్డాను. గ్రౌండ్ బాగు చేయిస్తున్నానని మాత్రం చెప్పాను. అందుకే జరిగినదాంట్లో సగం తప్పు నాది.

ఆగస్టులో రెండో శనివారం, ఆదివారం మహబూబాబాద్‌లో పోటీలు పడ్డాయి. జట్టును తీసుకుని వెళ్లాను. అదే శనివారం సాయంత్రం బాపు నన్ను చూడటానికి భూపాలపల్లి వచ్చాడు. నేను లేనని తెలిసి, నా క్వార్టర్‌లో పడుకున్నాడు. మర్నాడు రెండో ఆదివారం, తల్లిదండ్రులు పిల్లల్ని చూడటానికి వచ్చే రోజు. పది గంటలకు గానీ పిల్లల్ని కిందికి వదలరు. వీళ్లు మాత్రం పొద్దున ఏడు గంటల బస్సుకే దిగిపోతారు. ముప్పై నలభై మంది గ్రౌండ్ పక్కన కూర్చుని ఎదురుచూస్తుంటారు. అందరూ పత్తి, మిరప చేనుల్లో పని చేసేవాళ్లే.

తర్వాత వాచ్‌మన్ చెప్పగా విన్నది ఇది; మేడం తండ్రే కదా, మేడమే చెప్పి ఉంటుందనుకుని అతనూ అడ్డుపడలేదట. మా బాపు వేపపుల్ల నములుతూ గ్రౌండ్‌లోకి వచ్చాడు. చూశాడు. పుల్ల పారేశాడు. పంచె ఎగగట్టి కూర్చుని పీకడం మొదలుపెట్టాడు. ఒక పెద్దమనిషి, అందులోనూ పీఈటీ మేడం తండ్రి, ఒంటరిగా కలుపు తీస్తుంటే చూస్తూ కూర్చునే మనుషులా వాళ్లు? ముందు ఇద్దరు ఆడవాళ్లు వంగారు. తర్వాత అందరూ వరుస కట్టారు. మా దిక్కున ఒకరి చేనులో కలుపుకు అందరూ కదలడం మామూలే. బిడ్డల బడి, బిడ్డల గ్రౌండ్, ఇంకేం కావాలి? వానకు నానిన చెరువు మట్టి, పట్టుకుంటే వేరుతో సహా వచ్చేసింది. మేడమీద కిటికీల్లోంచి పిల్లలు చూసి, వద్దు వద్దని చేతులు ఊపారట. కిందివాళ్లు తమను పిలుస్తున్నారనుకుని, వాళ్లు కూడా సంతోషంగా చేతులు ఊపారట. పది గంటలకు గేటు తీసేసరికి అరెకరం సాఫయింది.

ఆ సాయంత్రం నేను కప్పుతో దిగాను. మేం గెలిచాం. గేటు దాటి గ్రౌండ్ చూసి నా కాళ్లు ఆగిపోయాయి. నున్నటి నల్లమట్టి, పోచ లేదు. జెండా గద్దె సిమెంటు మీద నడుము ఎత్తున గరిక కుప్ప. బాపు ఎదురొచ్చాడు, ముఖం వెలిగిపోతోంది.

"జర గ్రౌండ్ దిక్కు చూడు బిడ్డా. ఎంత గరిక పట్టిందో! సాలు పట్టి మరీ మొలిచింది, గసొంటి గరికను నా బతుకుల చూడలే. అంత సాఫ్ చేసినం."

జట్టు పిల్లల్లో ఒకతి ఏడవడం మొదలుపెట్టింది. దాంతో నాలో ఏదో తెగింది.

"గది నేను పెట్టిన గరిక బాపు. పిల్లలతోని పెట్టిచ్చిన."

"గరికను ఎవలన్న పెడ్తరా?" అన్నాడు. నేను హాస్యం ఆడుతున్నానేమోనని ఇంకా సగం నవ్వుతూనే ఉన్నాడు.

గడ్డి లేకపోతే ఖోఖో ఉండదని, దసరా తర్వాత సిమెంటు బిళ్లలు పడతాయని చెప్పాను. అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. "అప్పుడు నా ఆట నువ్వే బంద్ పెట్టినవ్. ఇప్పుడు వీళ్లది గూడ నువ్వే బంద్ పెట్టినవ్" అన్నాను. అన్ని సంవత్సరాల్లో ఆ మాట ఆయన ముఖం మీద అనడం అదే మొదటిసారి. బాపు లోపలికి వెళ్లి పడుకున్నాడు. అన్నం తినలేదు. నేనూ తినలేదు.

పొద్దున లేచేసరికి ఆయన మంచం మీద లేడు. జెండా గద్దె దగ్గర టకటకమని చప్పుడు. వెళ్లి చూస్తే, వంటక్క దగ్గర కొడవలి అడుక్కుని, చెక్క మీద గరికను ముక్కలు కొడుతున్నాడు. కుప్ప పక్కకు తీశాడు. పైన పైన వాడిపోయింది, లోపల పచ్చిగానే ఉంది. మబ్బు పట్టిన రోజు కావడం మా అదృష్టం. ఒక్క ఎండ కాసి ఉంటే అన్నీ కట్టెలయ్యేవి.

మా చేనులో ఒకసారి కిరాయి ట్రాక్టర్ తెచ్చి దున్నిస్తే, దాని నాగలి పళ్లకు చిక్కి గరిక ముక్కలు ముక్కలై, ప్రతి ముక్కా మొలిచింది. ఆ డ్రైవర్‌ను బాపు ఏళ్ల తరబడి తిట్టాడు. ఇప్పుడు ఆ డ్రైవర్ చేసిన పనే చేస్తున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"గరికను చంపాల్నంటే బండ మీద ఎండబెట్టాలె. బతికియ్యాల్నంటే ముక్కలు కొట్టి బురదల తొక్కాలె. బతుకంత మొదటిదే చేసిన. రెండోది గూడ ఎర్కనే."

నేను ఇంకో కొడవలి తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగడం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఆటల పీరియడ్‌లో ఒక్కో తరగతి వచ్చింది. ముక్కలు చల్లి, నీళ్లు పెట్టి, వరుసగా చేతులు పట్టుకుని తొక్కారు. బాపు కర్ర పట్టుకుని వెనక నడుస్తూ, గట్టిగ తొక్కుండ్రి, గరికకు దెబ్బ పడాలె అని అదిలించేవాడు. మూడు వారాలు నా క్వార్టర్‌లోనే ఉండిపోయాడు. ఊరి నుంచి అవ్వ, అదే మా అమ్మ, ఫోన్ చేసి, మన చేనుల కలుపు మోకాలెత్తు వచ్చింది, నువ్వక్కడ గరిక పెంచుతున్నవా అని ఇద్దరినీ కలిపి తిట్టింది. ఆయన ఫోన్ నా చేతికిచ్చి బయటికి నడిచాడు.

సెప్టెంబర్ రెండో ఆదివారానికి ముప్పావు గ్రౌండ్ మొలిచింది. గేటు వైపు పావు భాగం ఖాళీగానే ఉంది. తల్లిదండ్రులు మళ్లీ ఏడు గంటల బస్సుకు దిగారు. ఈసారి ఖాళీ చేతులతో రాలేదు. చెప్పిందెవరో గానీ, ఎవరి గట్టు మీది గరిక వాళ్లు సంచుల్లో తెచ్చారు. ఆ కుట్లు పడిన పిల్ల తల్లి అందరికంటే ముందు కొంగు దోపుకుని వంగింది. పోయినసారి నేనే ఎక్కువ పీకిన మేడం అని నాతో చెప్పుకుంది. నాట్లు వేసినట్టు వెనక్కి నడుస్తూ నాటారు. పది గంటలకు గేటు తీసేసరికి పావు భాగం నిండింది.

దసరా సెలవులిచ్చే రోజు ప్రిన్సిపాల్ మేడం గ్రౌండ్ మొత్తం తిరిగారు. నేను వెనకే నడిచాను. వేపచెట్టు కింద మాత్రం గరిక రాలేదు. అక్కడ మడిలోని బఫెలో గడ్డి తెచ్చి నాటాను. మిగిలిన మెక్సికన్ గడ్డి ఆవిడ ఆఫీసు గది ముందే వేశాను, చూసుకోవడానికి. గేటు పక్కన సిమెంటు బిళ్లలు అప్పటికే దింపి ఉన్నాయి. ఆవిడ వాటి వైపు చూసి, వర్షానికి వంటగది దారి బురదవుతోంది కదా, అక్కడ పరిపిద్దాం అన్నారు. నేను సరే మేడం అన్నాను.

సెలవులకు ముందు ఒక ఆట ఆడించాను. బాపు ఊరి నుంచి వచ్చి వేపచెట్టు కింద కుర్చీలో కూర్చున్నాడు. ఆట మధ్యలో ఆ కుట్లు పడిన పిల్లే, ఇప్పుడు తొమ్మిదో తరగతి, స్తంభం దగ్గర పూర్తిగా గాల్లోకి దూకి నేల మీద పడింది. బాపు దిగ్గున లేచి నిలబడ్డాడు. పిల్ల జారుకుంటూ పోయి, లేచి, మోకాలికి అంటిన పచ్చ రంగు తుడుచుకోకుండా మళ్లీ ఉరికింది. ఆయన చాలాసేపు కూర్చోలేదు.

"అప్పుడు గిసొంటి గడ్డి ఉంటే నిన్ను ఆపకపోతుంటి బిడ్డా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కానీ నేను నేనే కదా.

"అప్పుడైతే ఆ గడ్డిని గూడ పీకుతుంటివి బాపు" అన్నాను.

ఆయన గ్రౌండ్ వైపు చూస్తూ కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"పీకుతుంటి" అన్నాడు.

ఆ మాట అని, చెప్పులు చెట్టు కింద విడిచి, గరిక మీదికి నడిచి వెళ్లాడు. స్తంభం దగ్గర పిల్ల జారిన చోట కూర్చుని, లేచిన తీగను రెండు వేళ్లతో మళ్లీ మట్టిలోకి నొక్కాడు.